మగ్గం గుంతలోని చల్లదనం గదిలోకి: నేలలో గొట్టం వేసుకునే పద్ధతి

మా నాయిన నలభై ఏళ్ళుగా గుంత మగ్గం మీద, అంటే నేలలో తీసిన గుంతలో కాళ్ళు పెట్టుకొని నేసే మగ్గం మీద నేస్తున్నాడు. మాది గట్టుప్పల్ పక్కన చిన్న చేనేత ఊరు. నేను నేతలోకి పోలేదు, ప్లంబింగ్, కరెంటు పని నేర్చుకున్నాను. మూడేళ్ళ కింద మే నెలలో ఒక మధ్యాహ్నం అన్నానికి ఇంటికొస్తే నాయిన తడి తువాల నెత్తిన వేసుకొని నేస్తున్నాడు. పైన సిమెంటు రేకులు. గదిలో 41 డిగ్రీలు. "ఇప్పుడాపి సాయంత్రం నెయ్యరాదే" అన్నాను. "కాళ్ళు గుంతల ఉన్నయి గదరా, కింద మంచిగనే ఉంది. నడుం మీదికెల్లే మంట" అన్నాడు.

నా దగ్గర వైరు చివర సెన్సారు ఉండే చిన్న డిజిటల్ థర్మామీటర్ ఉంది. ఆ వైరును పడుగు (మగ్గం మీద చాచిన నిలువు పోగులు) పక్కనుంచి గుంతలోకి దించి ఐదు నిమిషాలు ఆగాను. 33 చూపించింది. అదే గదిలో, మూడడుగుల కింద, ఎనిమిది డిగ్రీల తేడా. ఆ తేడాను నడుం పైకి ఎట్లా తేవాలా అన్నదే నా పని అయింది. ఏడాది తిరిగేసరికి తెచ్చాను: పెరట్లో లోతుగా గొట్టాలు పూడ్చి, బయటి గాలిని ఫ్యాన్‌తో వాటిలోంచి గదిలోకి పంపాను. చేసింది చేసినట్టు రాస్తున్నాను, తప్పులతో సహా. మా దిక్కు నేల మీద చేసిన పని కాబట్టి నల్లగొండ, మహబూబ్‌నగర్ చెల్కల్లో (ఎర్ర నేలల్లో) ఇల్లున్న వాళ్ళకు ఎక్కువ పనికొస్తుంది.

ముందు నేల సంగతి. మన దగ్గర మేలో ఎండ 44, 45 దాటుతుంది, డిసెంబరు తెల్లవారుజామున 15 దాకా దిగుతుంది. నేల లోపలికి పోయేకొద్దీ ఈ ఎగుడుదిగుడు తగ్గిపోతుంది. ఎనిమిది పది అడుగుల లోతులో ఏడాది పొడవునా సగటు వేడికి దగ్గరగా, అంటే 27 నుంచి 30 డిగ్రీల మధ్యే ఉంటుంది. ఇంకో మేలు కూడా ఉంది. పైన కొట్టిన ఎండ ఆ లోతుకు దిగడానికి రెండు నెలలకు పైనే పడుతుంది. మే వేడి కిందికి చేరేసరికి జూలై వస్తుంది, అప్పటికి వానలు మొదలవుతాయి. మనకు కావాల్సిన రోజుల్లో కింద ఇంకా ఫిబ్రవరి, మార్చి చల్లదనమే ఉంటుందన్నమాట.

దీన్ని బట్టి ఒక మాట ముందే తెలుసుకోవాలి. కింద 28 ఉన్నప్పుడు గొట్టంలోంచి 22 డిగ్రీల గాలి రాదు. 42 డిగ్రీల గాలి పోస్తే 31 దగ్గర బయటికొస్తుంది, అంతే. ఏసీతో పోల్చుకుంటే నిరాశ తప్పదు. నేను వేసిన రెండు గొట్టాలు కలిపి గాలిలోంచి తీసే వేడి ఒక టన్ను ఏసీ తీసేదాంట్లో ఐదో వంతు కూడా ఉండదు. ఇల్లంతా చల్లబడదు. ఒక గది, అందులోనూ మనిషి కూర్చునే చోటు చల్లబడుతుంది. నాయినకు కావాల్సింది అదే. రోజుకు పది గంటలు నడిపితే కరెంటు ఒక యూనిట్ కూడా కాలదు.

గొట్టం కంటే ముందు కప్పు చూసుకోండి. సిమెంటు రేకుల కింద గొట్టం గాలి ఒక్కటే నిలబడదు, పైనుంచి కురిసే వేడి దాన్ని మింగేస్తుంది. నేను మార్చిలో రేకులు కడిగి, సున్నంలో ఫెవికాల్ కలిపి రెండు పూతలు వేశాను. ఎండలో రేకును కిందినుంచి అరచేత్తో తాకితే తేడా తెలిసిపోయింది. అంతకుముందు చెయ్యి ఆనేది కాదు. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది కూడా ఇట్లాంటి తెల్లటి కప్పుల కోసమే. రేకులు కడిగేటప్పుడు వాటి మీద నేరుగా అడుగు పెట్టకండి. అడ్డంగా పలక వేసుకొని దాని మీదే నిలబడాలి. పాత రేకు ఎప్పుడు విరుగుతుందో చెప్పలేం. పాత సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, పొడిగా గీకితే ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నీళ్ళు పోస్తూ మెత్తటి చీపురుతోనే కడగాలి.

తవ్వే ముందు సీసా పరీక్ష

జేసీబీని పిలిచే ముందు మీ నేల ఎంత చల్లగా ఉందో చూసుకోండి. ఖర్చు దాదాపు ఏమీ లేదు. స్తంభాలకు గుంతలు తీసే చేతి ఆగర్‌కు జీఐ (ఇనుప) పైపు ముక్క జోడించి పొడవు పెంచాను. నాలుగంగుళాల వెడల్పున ఎనిమిదడుగుల దాకా పోయింది, తర్వాత మొరం గట్టిపడింది. అరలీటరు నీళ్ళ సీసా నింపి, మెడకు దారం కట్టి అడుగుదాకా దించి, పైన గోనెసంచి కుక్కి ఒక రోజంతా వదిలేశాను. మర్నాడు గబగబా లాగి, మూత తీసి సెన్సారు ముంచితే 28.5. అది ఏప్రిల్ రెండో వారం. మీకు 30 లోపు వస్తే పని మొదలుపెట్టొచ్చు. 32 వస్తే ఆ చోటు వదిలేయండి, బహుశా ఎండ నేరుగా పడే ఒట్టి నేల అయి ఉంటుంది. నీడ ఉన్న చోట, స్నానాల నీళ్ళు ఇంకే చోట మళ్ళీ చూడండి.

ఈ పరీక్షతో ఇంకో సంగతి కూడా తెలుస్తుంది. మన దగ్గర అడుగున గ్రానైట్. కొన్ని ఇళ్ళల్లో నాలుగడుగులకే బండ తగులుతుంది. అట్లా ఉంటే బ్రేకరు పెట్టి పగలగొట్టించకండి, డబ్బంతా అందులోనే పోతుంది. మా పెరట్లో రెండు చోట్ల చూసి, ఎనిమిదడుగులు వచ్చిన వైపే గీత గీశాను.

గొట్టం ఎంత, ఏది

నాది పది అడుగులు ఇంటు పద్నాలుగు గది. దానికి 110 మిల్లీమీటర్ల, అంటే నాలుగంగుళాల పీవీసీ గొట్టాలు రెండు, ఒక్కోటి 90 అడుగులు. ఒకే పెద్ద గొట్టం కంటే చిన్నవి రెండు మేలు. గొట్టం మధ్యలో పోయే గాలికి గోడ తాకదు. గొట్టం సన్నదైతే ఎక్కువ గాలి గోడను రాసుకుంటూ పోతుంది. రెండింటి మధ్య రెండడుగులు ఎడం ఉండాలి. పక్కపక్కనే ఆనించి వేస్తే రెండూ ఒకే మట్టిని వేడి చేస్తాయి.

షాపులో చవగ్గా ఉందని నాకు పల్చటి గొట్టాలు అంటగట్టారు. దించేటప్పుడే ఒకటి చిట్లింది. ఎనిమిదడుగుల మట్టి బరువు మొయ్యాలి కాబట్టి గోడ మందం చూసి, డ్రైనేజీకి భూమిలో వేసే గట్టి రకమే అడగండి. వంపుల దగ్గర 90 డిగ్రీల ఎల్బో వద్దు, 45వి రెండు వేసుకోండి. గాలి సులువుగా తిరుగుతుంది, శుభ్రం చేసేటప్పుడు గుడ్డ ఇరుక్కోదు.

కందకం తవ్వడం ఒక్క పూటలో అయిపోతుంది. ప్రమాదం కూడా ఆ పూటే. ఎనిమిదడుగుల కందకంలోకి మనిషిని దించకండి. మొరం నిటారుగా, గట్టిగా నిలబడ్డట్టే కనిపిస్తుంది, ఒక్క పెళ్ళ విరిగితే ఛాతీ దాకా కూరుకుపోతారు. ఊపిరి ఆడదు, లాగే లోపే ప్రాణం పోతుంది. అందుకే నేను గొట్టాలన్నీ పైనే, వాకిట్లో అతికించాను. సొల్యూషన్ పూసి, జాయింటు తిప్పి నొక్కి, రాత్రంతా ఆరనిచ్చాను. మర్నాడు పొద్దున్నే ఎనిమిది మందిమి, పదడుగులకొకరు, తాళ్ళు వేసి 90 అడుగుల గొట్టాన్ని పాములాగ మెల్లగా దించాం. ఎవ్వరం కందకంలో కాలు పెట్టలేదు. అడుగు సాపు చేసే పని కూడా జేసీబీ బకెట్‌తోనే చేయించాను. కందకం ఇంటి గోడకు ఆరడుగుల దూరంలోనే ఆపేయండి. మా గోడ రాయీ మట్టీతో కట్టిన పాత గోడ, పునాది పక్కన లోతు తవ్వితే గోడ కూర్చుంటుంది.

దించే ముందు ఇంకో పని ఉంది. ప్రతి గొట్టంలోంచి ఒక నైలాన్ తాడు దూర్చి, రెండు చివర్లా కట్టి ఉంచండి. ప్రతి ఏడాది గొట్టం లోపల తుడిచేది ఆ తాడుతోనే. పూడ్చేశాక దూర్చడం కష్టం.

వాలు ఇక్కడే పెట్టాలి. గాలి లోపలికి వెళ్ళే దూరపు చివర కిందికి ఉండేట్టు, 90 అడుగులకు ఒక అడుగు పల్లం. అన్నిటికంటే పల్లంగా ఉన్న చోట ఒక టీ (మూడు దారుల ఫిట్టింగ్) వేసి, నిటారుగా ఒక గొట్టం నేల పైకి తెచ్చి మూత బిగించాను. లోపల నీళ్ళు చేరితే చిన్న పంపుతో ఇక్కణ్ణుంచి తోడెయ్యొచ్చు. కోస్తాలో అయితే ఉక్కపోత రోజుల్లో గాలిలోని తేమే గొట్టంలో నీళ్ళుగా మారుతుంది. మన దగ్గర వేసవి గాలి పొడి. వానాకాలంలో కూడా 28 డిగ్రీల గోడ మీద చెమ్మ పట్టేంత తేమ అరుదు. అయినా వాన నీళ్ళు ఎక్కడో ఒక చోట దూరుతాయి.

నాకు దెబ్బ తగిలింది ఇక్కడే. మొదటిసారి తవ్విన మొరం గడ్డలతోనే పూడ్చేశాను. గడ్డల మధ్య ఖాళీలు మిగిలాయి. జూలై వానలకు మట్టి కూర్చుంది, దాంతో మధ్యలో ఒక జాయింటు కుంగి అక్కడ నీళ్ళు నిలిచాయి. ఆగస్టులో ఫ్యాన్ వేస్తే గదిలోకి పాచి వాసన. నాయిన ఏమీ అనలేదు, తలుపు తీసి బయటికెళ్ళి కూర్చున్నాడు. అప్పుడే ఆపేసి, దీపావళి తర్వాత కుంగిన చోట ఇరవై అడుగులు మళ్ళీ తవ్వించాను. ఈసారి గొట్టం కింద నాలుగంగుళాల డస్ట్ (క్రషర్ రాతిపొడి) పరిచి, చుట్టూ జల్లెడ పట్టిన మెత్తటి ఎర్రమట్టి పోసి, అడుగుకోసారి నీళ్ళు పెట్టి కూర్చోబెట్టాను. మట్టి గొట్టాన్ని గట్టిగా పట్టుకుంటేనే వేడి లాక్కుంటుంది. ఖాళీ ఉన్న చోట గొట్టం చుట్టూ దుప్పటి కప్పినట్టే. తడి మట్టి పొడి మట్టి కంటే చాలా బాగా వేడి లాక్కుంటుంది కాబట్టి స్నానాల నీళ్ళ కాలువను కందకం మీదికే మళ్ళించాను. సబ్బు నీళ్ళకు పెరిగే అరటి చెట్లు నాలుగు పెడితే నీడా వచ్చింది.

పూడ్చే ముందు లీకు చూడడం మర్చిపోవద్దు. ఒక చివర మూసి, ఇంకో చివర ఫ్యాన్ పెట్టి, జాయింటు జాయింటుకూ సబ్బు నురగ పూసి బుడగలు వస్తున్నాయేమో చూడాలి. ఇది కూడా కందకంలోకి దించక ముందే.

ఫ్యాన్ ఎక్కడ

మొదట వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టాను. చప్పుడు వచ్చింది, గాలి రాలేదు. అంత పొడవు గొట్టంలోకి గాలిని నెట్టే బలం ఆ రెక్కలకు ఉండదు. బ్లోయర్ రకం, లేదా డక్టులకు పెట్టే ఇన్‌లైన్ ఫ్యాన్ కావాలి. నాది 60 వాట్లు, రెగ్యులేటర్ పెట్టాను. అవతల చివర ఒక పలచటి కాగితం పట్టుకుంటే ఊగుతూ నిలవాలి, ఎగిరిపోకూడదు. వేగం పెంచితే గాలి చల్లబడే లోపే బయటికొచ్చేస్తుంది.

దాన్ని గది వైపు పెట్టి గాలి లాగొచ్చు, దూరపు చివర పెట్టి నెట్టొచ్చు. నెట్టేదే పెట్టండి, రెండు కారణాలున్నాయి. మోటారు వేడి గదిలోకి రాదు, నేలే తీసుకుంటుంది. రెండోది ఇంకా ముఖ్యం. గ్రానైట్ నేలల్లోంచి రేడాన్ అనే వాయువు ఊరుతుంటుంది. రంగు లేదు, వాసన లేదు, ఏళ్ళ తరబడి పీలిస్తే ఊపిరితిత్తులకు చేటు. యురేనియం ఉన్న రాతిలో అది ఎక్కువ. మన జిల్లాలో లంబాపూర్, పెద్దగట్టు దిక్కు యురేనియం నిక్షేపాలు ఉన్న సంగతి తెలిసిందే. ఫ్యాన్ గాలిని లాగితే గొట్టంలో సన్న పగులున్నా మట్టిలోని గాలి లోపలికొస్తుంది. నెట్టితే గొట్టంలోని గాలే బయటికి పోతుంది, మట్టి గాలి లోపలికి రాదు. ఫ్లోరైడ్‌తో వంకర్లు పోయిన కాళ్ళను చూస్తూ పెరిగినవాణ్ణి, నేలలోంచి కనబడకుండా వచ్చేదాన్ని తేలిగ్గా తీసుకోలేను.

గాలి తీసుకునే మూతిని వేప చెట్టు నీడలో, నేలకు ఐదడుగుల ఎత్తున పెట్టాను. మరుగుదొడ్డికి, రంగులద్దే చోటుకు దూరంగా ఉండాలి. ఆ ఆవిర్లు నేరుగా గదిలోకి వస్తాయి. మూతికి స్టీలు జాలి తప్పనిసరి. ఎలుక దూరితే దాని వెనక పాము దూరుతుంది. జాలి లోపల ఒక స్పాంజి ఫిల్టరు, వారానికోసారి కడగాలి.

ఇటు చివర, గొట్టం లోతులోంచి పైకొచ్చే ఆఖరి ఐదారు అడుగులు వేడి మట్టిలోంచి, ఎండలోంచి వస్తాయి. మొదట్లో దీన్ని పట్టించుకోలేదు, అక్కడే డిగ్రీన్నర పోయింది. థర్మోకోల్ చుట్టి, పైన గోనె కట్టి, సిమెంటు పూశాక ఆగింది.

మగ్గం గదిలో గాలి మూతి ఎక్కడ పెట్టాలన్నది నాయిన చెప్పాడు. నేను పడుగు మీదికి తగిలేట్టు ఎత్తున పెట్టబోతే వద్దన్నాడు. "పోగుల మీదికి గాలి కొట్టొద్దు. ఎండుతయి, తెగుతయి. మోకాళ్ళ కాడ ఇడువు" అన్నాడు. నేలకు అడుగు ఎత్తున, గోడ వైపు తిప్పి, చిల్లుల పెట్టెలోంచి వదిలాను. చల్లగాలి బరువు, అది కిందే పరుచుకుంటుంది, మగ్గం ముందు కూర్చున్న మనిషి భుజాల దాకా నిండుతుంది. దానికి ఎదురుగా రేకుల కింద ఒక కిటికీ తెరిచాను, వేడి గాలి అందులోంచి పోతుంది. ఈ పై దారి లేకపోతే గొట్టం గాలికి గదిలో చోటే ఉండదు.

నేను అనుకోని మేలు ఒకటి జరిగింది. బయట 42 డిగ్రీల దగ్గర 20 శాతం తేమ ఉన్న గాలి, చుక్క నీరు కలపకుండానే 31కి చల్లబడితే తేమ 36 శాతం చూపిస్తుంది. గాలిలో నీరు అంతే ఉంది, చల్లబడ్డ గాలి మోసే బలం తగ్గింది, అందుకే శాతం పెరిగింది. మేలో పొడి గాలికి పోగులు పెళుసై తెగడం నేతలో ఉన్నవాళ్ళకు తెలుసు. నాయిన రోజూ ఎన్ని పోగులు అతికాడో లెక్క పెట్టడు గానీ, పోయిన మేలో అతుకులు తగ్గాయని రెండుసార్లు తనంతట తనే చెప్పాడు.

నడిపే పద్ధతి కూడా ఒకటుంది. పొద్దున పదికి వేసి రాత్రి ఎనిమిదికి ఆపేస్తాం. రాత్రంతా నడపకూడదు. పగలంతా గొట్టం చుట్టూ మట్టి వేడి తాగుతుంది, దాన్ని అవతలి మట్టికి పంచుకోవడానికి రాత్రి కావాలి. ఆపకుండా మూడు వారాలు నడిపితే గొట్టం చుట్టూ నేల వేడెక్కి, గాలి చల్లబడడం తగ్గిపోతుంది. డిసెంబరు, జనవరి రాత్రుళ్ళు మాత్రం గంటల తరబడి నడుపుతాను. అప్పుడు బయటి చల్లగాలి మట్టిని ఇంకా చల్లబరుస్తుంది. అదంతా మే దాకా నిలవదు, కొంత మిగులుతుంది.

పోయిన మే మూడో వారంలో ఒక రోజు రాసుకున్న లెక్క: మధ్యాహ్నం రెండున్నరకు బయట 43, వేప నీడలో మూతి దగ్గర 41, గదిలో గొట్టం మూతి దగ్గర 31, నాయిన భుజం ఎత్తున 35, రేకుల కింద 39. సాయంత్రం ఐదుకు గొట్టం గాలి 32. పైన సీలింగ్ ఫ్యాన్ వేస్తే కింది చల్లదనం చెదిరిపోతుంది, అందుకని చిన్న టేబుల్ ఫ్యాన్ నేల మీదే పెట్టుకున్నాడు.

నాకు జేసీబీకి ఏడు వేలు, గొట్టాలు, ఫిట్టింగులకు పన్నెండు వేలు, బ్లోయరు, రెగ్యులేటరుకు ఐదు వేలు, డస్టు, కూలీలు, మళ్ళీ తవ్విన ఖర్చు కలిపి ఆరు వేలు, మొత్తం ముప్పై వేలయింది. అతుకుడు పని నాదే కాబట్టి దానికి లెక్క లేదు. ఇంటి వెనక స్థలం లేనివాళ్ళు, నాలుగడుగుల్లో బండ తగిలినవాళ్ళు ఈ పని పెట్టుకోవద్దు. కప్పుకు సున్నం వేసి, వేడి గాలి పోయే కిటికీ తెరిస్తేనే సగం దూరం వస్తారు.

ఉగాదికి ముందు ఒక ఆదివారం ఏడాది శుభ్రం. తాడుకు పాత లుంగీ ముక్కను బిగించి, బ్లీచింగ్ నీళ్ళలో ముంచి పిండి, ఒక చివర నేను, ఒక చివర మా తమ్ముడు పట్టుకొని రెండుసార్లు అటూ ఇటూ లాగుతాం. మొదటిసారి గుడ్డ ఎర్రమట్టి రంగులో వస్తుంది, రెండోసారికి తెల్లగా వస్తుంది. తర్వాత తలుపులు తెరిచి, మనుషులు బయట ఉండగా గంట సేపు ఫ్యాన్ నడపాలి, బ్లీచింగ్ ఘాటు పోయేదాకా. టీ దగ్గర మూత తీసి నీళ్ళున్నాయేమో చూసుకోవాలి. పోయినసారి రెండు చెంబులు వచ్చాయి.

ఈ ఏడు శుభ్రం చేస్తుంటే అమ్మ గడప దగ్గర కండెలు చుడుతూ చూస్తోంది. "మీ నాయిన మోకాళ్ళ కాడికేనారా, నా దిక్కు రాదా?" అంది. రెండు గొట్టాల్లో ఒకదాని నుంచి పాయ తీసి అమ్మ కూర్చునే మూలకు మళ్ళించాలంటే గోడలో ఒక్క చిల్లు చాలు. వై ఫిట్టింగ్ కొని పెట్టాను.